పారిపోయాడా? ఇంటికొచ్చాడా?



పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. రాసేది ఒక కుక్కపిల్ల కార్టూన్ సినిమా గురించి. డిగ్రీ రెండో సంవత్సరానికొచ్చి కార్టూన్లేంట్రా అని నవ్వేవాళ్లు నవ్వండి, కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి. మన గ్రూపులో ఎవరో ఒకరు "మా ఊరి పిల్లాడు హాస్టల్ నుంచి పారిపోయి వచ్చేశాడు, ఏం చెయ్యమంటారు" అని అడుగుతూనే ఉంటారు. మనం ఇచ్చే సలహాలు రెండే. నచ్చజెప్పి తిరిగి పంపండి, లేదంటే భయం చెప్పి తిరిగి పంపండి. ఈ సినిమాని మా తమ్ముడితో కలిసి చూశాక నాకు ఇంకో మాట తోచింది. అది చెప్పడానికే ఇదంతా.

సినిమా పేరు 'లేడీ అండ్ ద ట్రాంప్ 2: స్కాంప్స్ అడ్వెంచర్'. డిస్నీ వాళ్లది. 2001 ఫిబ్రవరిలో వచ్చింది. థియేటర్లలో ఆడలేదు, నేరుగా వీడియో క్యాసెట్లుగా, డీవీడీలుగా ఇళ్లకే వచ్చింది. మొదటి భాగం 1955 నాటిది, అంటే రెండింటికీ మధ్య 46 ఏళ్లు. మొదటి భాగంలో లేడీ అనే పెంపుడు కుక్క, ట్రాంప్ అనే వీధి కుక్క కలుసుకుంటాయి. ఒకే ప్లేటులో నూడుల్స్ లాంటి స్పగెట్టీ తింటూ రెండూ ఒకే పోగు పట్టుకునే సీను ఉంటుంది చూడండి, సినిమా చూడనివాళ్లు కూడా ఆ బొమ్మ ఎక్కడో చూసే ఉంటారు. చివర్లో ట్రాంప్ మెడకి కూడా కాలర్ వస్తుంది, లైసెన్స్ వస్తుంది, ఇల్లు వస్తుంది. నాలుగు పిల్లలు పుడతాయి. మూడు ఆడపిల్లలు, అచ్చం తల్లి పోలిక. నాలుగోవాడు తండ్రి పోలిక. రెండో భాగం ఆ నాలుగోవాడి కథ. వాడే స్కాంప్.

కథ జరిగేది అమెరికాలో, వందేళ్ల కిందటి ఒక చిన్న పట్నంలో. అల్లరి చేస్తున్నాడని ఇంటాయన స్కాంప్‌ని పెరట్లో గొలుసుతో కట్టేస్తాడు. ఇంటి లోపల అక్కచెల్లెళ్లు, అమ్మ, దీపాల వెలుగు. వీడు ఒక్కడూ బయట. కంచె అవతల వీధి కుక్కల గుంపు ఒకటి కుక్కలు పట్టేవాడిని ఏడిపించుకుంటూ పోతుంటుంది. అది చూసి వీడికి ఆగదు. గొలుసు విడిపించుకుని వాళ్ల వెనకాల పరుగు. ఆ గుంపు ఉండేది పాత సామాన్లు, తుక్కు పారేసే చోట. నాయకుడు బస్టర్. వాడి మాట ఒకటే, ఎవరికీ ఎవరూ లేరు, ఎవడి బతుకు వాడిదే.

బస్టర్ వెంటనే చేర్చుకోడు, పరీక్ష పెడతాడు. రెజ్జీ అనే రాక్షసుడి లాంటి కుక్క పడుకున్న సందులోంచి ఒక డబ్బా తెమ్మంటాడు. తర్వాత జూలై 4న, అంటే అమెరికా వాళ్ల స్వాతంత్ర్య దినం నాడు, స్కాంప్ ఇంటివాళ్లు పార్కులో భోజనాలకి కూర్చుంటే ఆ సొంత ఇంటివాళ్ల దగ్గరే కోడి ఎత్తుకు రమ్మంటాడు. స్కాంప్ ఆ పని కూడా చేస్తాడు. తండ్రి వెంటపడి వచ్చి ఇంటికి రమ్మంటాడు. వాడు రానంటాడు. అప్పుడు బస్టర్ వాడి మెడలో కాలర్ తీసేస్తాడు. ఇక నువ్వు మావాడివి అన్నట్టు.

వాడికి అప్పటికి గొప్పగానే ఉంటుంది. కానీ ఆ ఊళ్లో కాలర్ లేని కుక్కకి దిక్కు లేదు. కుక్కలు పట్టేవాడు వచ్చి వాడిని పట్టుకుపోతే బస్టర్ చూస్తూ ఊరుకుంటాడు. పట్టుకెళ్లి రెజ్జీ ఉన్న బోనులోనే పడేస్తారు. ఏంజెల్ అనే ఆడకుక్క పరుగున పోయి ట్రాంప్‌కి చెప్తుంది, ట్రాంప్ వచ్చి పోట్లాడి కొడుకుని విడిపిస్తాడు. అందరూ ఇంటికి వెళ్తారు. ఏంజెల్‌ని కూడా ఆ ఇంటివాళ్లు ఉంచేసుకుంటారు. గంటా పది నిమిషాల సినిమా. కథ ఇంతే.

ఇక్కడ ఒక మాట. "మన పిల్లల్ని కుక్కలతో పోలుస్తావా" అని కొందరికి కోపం రావచ్చు. బస్సులో, కాలేజీలో, మనల్ని ఏ జంతువుతో పోల్చి మాట్లాడతారో విన్నవాళ్లమే కాబట్టి ఆ కోపం నాకూ తెలుసు. నేను పోల్చట్లేదు. పోల్చింది మా తమ్ముడు. వాడికి ఏడో తరగతి. వాడు పోల్చిన పద్ధతి వేరు.

మా పిన్ని కొడుకు వాడు. ఒక ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాడు. పేరూ ఊరూ రాయను. ఈ వానాకాలంలో రెండుసార్లు బడి నుంచి వచ్చేశాడు. మొదటిసారి ఎవరిదో ఆటో పట్టుకుని వచ్చాడు. రెండోసారి కొండదారిలో నడిచి వచ్చాడు, ఇరవై కిలోమీటర్ల పైనే. మధ్యలో గెడ్డ దాటాలి. ఆ రోజు గెడ్డలో నీళ్లు నడుం దాకా ఉన్నాయని తర్వాత తెలిసి మా పిన్ని కూలబడిపోయింది. రెండుసార్లూ మర్నాడే తీసుకెళ్లి దింపేశారు. మూడోసారి వస్తే టీసీ ఇచ్చేస్తామని చెప్పారంట. మా చిన్నాన్న కూడా విసిగిపోయి, పోనీ ఇచ్చేస్తే ఇచ్చేయనీ, మేకలు కాసుకుంటాడు అనేశాడు. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కడినే. అందుకని దసరా సెలవులకి నేను ఊరొస్తే, "బాబూ, నువ్వు చెప్తే వింటాడు, ఒక మాట చెప్పు" అని పిన్ని నా మీద పెట్టింది.

ఏం చెప్పాలో నాకు తెలీదు. ఊరొచ్చేటప్పుడు ఫోన్లో నాలుగు సినిమాలు దింపుకుని వచ్చాను, మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి కదా. వాటిలో ఇదొకటి. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద పడుకుని ఇద్దరం చూశాం. సినిమా ఇంగ్లీషులో ఉంది, నాకే సగం అందుతుంది. ఆ అందిన సగాన్ని నేను మా ఇంటి మాటలోకి, అంటే మేం మాట్లాడే ఆదివాసీ ఒడియాలోకి మార్చి వాడికి చెప్పాలి. ఇప్పుడు అదంతా మీకోసం తెలుగులో రాస్తున్నాను. మూడు భాషలు దాటి వచ్చిన కథ, తేడాలుంటే సర్దుకోండి.

స్కాంప్‌ని కట్టేసిన సీను రాగానే వాడు ఫోను ఆపమన్నాడు.

"అన్నా, ఇల్లు అంత పెద్దగుంది కదా. ఆడిని లోపల ఓ మూల పడుకోనిస్తే ఏమయ్యేది?"

అల్లరి చేశాడు కదరా, శిక్ష వేశారు అన్నాను.

"శిక్షేస్తే కొట్టొచ్చు కదా. లోపల అందరూ కనిపిస్తుండగా బయట కట్టేడమేటి?"

నేను దీనికి జవాబు చెప్పలేదు, సినిమా మళ్లీ పెట్టాను. కాసేపటికి కాలర్ తీసేసే సీను వచ్చింది. ఆ కాలర్ లేకపోతే కుక్కలు పట్టేవాడు వచ్చి పట్టుకుపోతాడని చెప్పాను. వాడికి అర్థం కాలేదు. మన నల్లోడికి కాలర్ లేదు కదా, మరి నల్లోడు ఎవరి కుక్క అని అడిగాడు. నల్లోడు మన కుక్కే అన్నాను. ఎలా తెలుసు అన్నాడు. ఎలా తెలియడమేంట్రా, మనింట్లో ఉంటాడు కదా అన్నాను. "మరి ఆళ్ల ఊళ్లో అలా తెలీదా?" అన్నాడు.

ఇది నేను చాలా రోజులు ఆలోచించాను. ఆ సినిమా ఊళ్లో కుక్కలు రెండే రకాలు. కాలర్ ఉన్నవి, లేనివి. మొదటి భాగంలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. లేడీకి ఆరు నెలలు నిండగానే కాలరూ లైసెన్సూ వస్తే పక్కింటి కుక్కలు వచ్చి మెచ్చుకుంటాయి, అదో పెద్ద గౌరవం. తర్వాత ఆమెను పట్టుకెళ్లినప్పుడు ఆ లైసెన్సే ఆమెను బయటపడేస్తుంది. లైసెన్స్ లేని మిగతా కుక్కలు ఆ బోనుల్లోనే ఉండిపోతాయి. నువ్వెవరు అన్న ప్రశ్నకి నీ మెడలో ఉన్న బిళ్ల జవాబు చెప్పాలి. బిళ్ల లేకపోతే నువ్వు ఎవరికీ కావు.

మన ఊళ్లల్లో కుక్కకి గొలుసు ఉండదు, కాలర్ ఉండదు. పొద్దున్న పొలానికి మనతో వస్తుంది. పంటకి పందులు రాకుండా మంచె కింద కాపలా ఉంటుంది. సంతకి పోతే ఊరి చివరి దాకా వచ్చి ఆగిపోతుంది. మధ్యలో రెండు రోజులు కనపడకపోయినా కుక్క పారిపోయిందని ఎవరూ అనరు, తిరిగి తిరిగి వస్తుందిలే అంటారు. ఇలాంటి మూడో రకం కుక్క ఆ సినిమాలో లేదు. ఇంట్లో ఉండాలంటే కట్టు ఉండాలి, కట్టు లేకపోతే తుక్కు గుట్టల్లో బస్టర్ దగ్గర ఉండాలి. పాపం స్కాంప్‌కి మధ్యలో ఇంకేమీ ఇవ్వలేదు ఆ ఊరు.

సినిమా అయిపోయాక వాడిని అడిగాను, నువ్వెందుకు పారిపోయి వచ్చావురా అని. వాడు ఠక్కున అన్నాడు:

"నేను పారిపోనేదు అన్నా. స్కాంప్‌గాడు ఇంట్లోంచి పారిపోయాడు. నేను ఇంటికొచ్చాను."

నేను చెప్పాలనుకున్న మాట ఇదే. నాది కాదు, వాడిదే. స్కాంప్ ఇల్లు వదిలి పరుగెత్తాడు. మన పిల్లలు ఇంటి వైపు పరుగెత్తుతారు. రెండింటికీ మనం ఒకటే పేరు పెట్టాం, పారిపోవడం అని. హాజరు పట్టీ వైపు నుంచి చూస్తే అది పారిపోవడమే. మా పిన్ని గుమ్మం దగ్గర నిలబడి చూస్తే, కొడుకు ఇంటికి నడిచొస్తున్నాడు.

ఎందుకొచ్చావు అంటే చెప్పనివాడు, ఏం చూద్దామని వచ్చావు అంటే చెప్పాడు. మొదటిసారి నల్లోడి తోడు కుక్క ఈనిందని ఎవరో చెప్పారంట, కళ్లు తెరవని కుక్కపిల్లల్ని చూద్దామని వచ్చాడు. రెండోసారి వాళ్ల మామ్మకి జ్వరమని తెలిసింది. బడిలో చెప్తే పంపరని చెప్పలేదు. ఇంకోటి కూడా చెప్పాడు. బడి రిజిస్టర్లో వాడి పేరు వేరేగా రాశారు, ఇంటి పేరుతో పిలవరు. "మామ్మ పిలిచినట్టు అక్కడెవులూ పిలవరు" అన్నాడు. కొట్టారనో, అన్నం బాగోలేదనో చెప్తాడని నేను అనుకున్నాను. అలాంటివి ఉన్న బళ్లు ఉన్నాయి, వాటి గురించి ఇక్కడ చాలామంది రాశారు. వీడి సంగతి అది కాదు.

ఈ సినిమా గురించి చదువుతుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. స్కాంప్ కథ జరిగే కాలంలోనే, ఆ అమెరికాలోనే, పిల్లలు నిజంగా బోర్డింగ్ బళ్ల నుంచి ఇంటికి పరుగెత్తేవారు. అక్కడి మూలవాసుల పిల్లలు. పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట పాత సైనిక బ్యారక్‌లలో 1879లో మొదలైన బడి 1918 దాకా నడిచింది. పిల్లల్ని వందల, వేల కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడొద్దనేవారు. దేశమంతా అలాంటి బళ్లు ఇంకా వందల్లో ఉండేవి. ఆ బళ్లల్లో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని అక్కడి ప్రభుత్వమే 2024 జూలైలో లెక్క చెప్పింది. ఆ ఏడాది అక్టోబర్‌లో అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ అడిగాడు. డిస్నీ బొమ్మల్లో ఆ పట్నం ముద్దుగా, దీపాలతో మెరుస్తూ ఉంటుంది. అదే దేశంలో అదే కాలంలో ఈ పిల్లలు చీకట్లో నడుస్తున్నారు. 

కెనడాలో ఇంకో పిల్లాడు ఉన్నాడు, చానీ వెన్‌జాక్. ఒజిబ్వే తెగ. పన్నెండేళ్లు. బడిలో వాడి పేరు మార్చి చార్లీ అనేవారు. 1966 అక్టోబర్‌లో బడి నుంచి బయటికొచ్చి రైలు పట్టాల వెంట ఇంటికి నడిచాడు. ఇల్లు 600 కిలోమీటర్ల దూరం. అది ఎంత దూరమో కూడా వాడికి తెలీదు. ఒంటి మీద పల్చటి జాకెట్టు ఒక్కటే. చలికి, వానకి తట్టుకోలేక పట్టాల పక్కనే చనిపోయాడు. స్కాంప్, ఏంజెల్ ఇద్దరూ రైలు వంతెన మీద ఇరుక్కుని కింద నదిలో పడి బతికి బయటపడే సీను ఒకటుంది సినిమాలో. మా తమ్ముడు దానికి పగలబడి నవ్వాడు. నాకు ఇప్పుడు ఆ సీను గుర్తొస్తే చానీయే గుర్తొస్తాడు, తర్వాత మా గెడ్డ గుర్తొస్తుంది.

మన హాస్టళ్లు అవీ ఒకటే అని నేను అనట్లేదు. అలా అంటే అబద్ధం. కార్లైల్‌కి పిల్లల్ని తీసుకెళ్లింది వాళ్ల భాషా అలవాట్లూ మాన్పించడానికి. నన్ను మా అమ్మ తనే ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లి హాస్టల్లో దింపింది, చదువు కావాలని. ఆ హాస్టల్ లేకపోతే ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయడం కూడా నాకు వచ్చేది కాదు. పోస్ట్ మెట్రిక్ హాస్టల్ లేకపోతే విశాఖలో అద్దె కట్టుకుని డిగ్రీ చదివే శక్తి మా ఇంటికి లేదు. అందుకే "ఇల్లే మంచిది, బడి మానేయ్" అని ఎవరికీ చెప్పను. ఎక్కడైనా సరే, పన్నెండేళ్ల పిల్లాడికి ఇల్లు గుర్తొస్తే వాడు నడుస్తాడు. ఆ నడక నేరం కాదు, కానీ అందులో ప్రాణాపాయం ఉంది. ఈ రెండూ కలిపి మనం మాట్లాడాలి. నేరం అంటూ తిడితే వాడు ఈసారి ఎవరికీ కనపడని దారి వెతుక్కుంటాడు.

సినిమాలో నాకు కోపం వచ్చింది బస్టర్ మీద కాదు, తండ్రి ట్రాంప్ మీద. ఆయన ఒకప్పుడు అదే తుక్కు గుట్టల్లో తిరిగినవాడు. బస్టర్‌తో కలిసి బతికినవాడు. ఆ గుంపులో ట్రాంప్ గురించి ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా. కొడుక్కి మాత్రం ఇంట్లో ఆ మాట తెలీదు. ఇంట్లో చెప్పేవన్నీ పద్ధతులే. అది ముట్టుకోకు, ఇది తవ్వకు. నీకు బయటికి పోవాలనిపిస్తోందా, నాకూ అనిపించేది, నేను పోయాను, అక్కడ ఇలా ఉంటుంది అని ఒక్క రాత్రి కూర్చుని చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది. చెప్పలేదు కాబట్టి కొడుకు తండ్రి గతాన్ని శత్రువు నోట విన్నాడు. బస్టర్ తనకి కావలసినట్టు చెప్పాడు, ఒక ఆడదాని కోసం మమ్మల్ని వదిలేసి పోయినవాడని. మన కథ మనం చెప్పకపోతే ఇంకెవడో చెప్తాడు, వాడికి లాభమయ్యేలా చెప్తాడు.

ఇది నేను ఊరికే సినిమా పిచ్చితో అనట్లేదు. ఆ రాత్రి మేం సినిమా చూస్తుంటే మా చిన్నాన్న వెనకాల నులక మంచం మీద పడుకుని వింటున్నాడని మాకు తెలీదు. తమ్ముడు "నేను ఇంటికొచ్చాను" అన్నాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. అప్పుడు చీకట్లోంచి ఆయన అన్నాడు, "నేనూ అలాగే వొచ్చేశాను."

మాకెవరికీ తెలీదు. చిన్నాన్న ఆరో తరగతిలో బడి నుంచి నడిచొచ్చేశాడంట, ఆ దారినే, ఆ గెడ్డ దాటే. తాత ఏమీ అడగలేదు, తిట్టలేదు. మర్నాడు మేకల వెంట పంపేశాడు. "ఎవులైనా వొచ్చి మళ్లీ తీసుకెళ్తారేమోనని మూడు రోజులు దారి చూశాను. ఎవులూ రానేదు" అన్నాడు. అంతే, చదువు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు ఏటా కొన్ని నెలలు కట్టడం పనులకి దూరం పోతాడు. అక్కడ బోర్డులు కూడబలుక్కుని చదువుకుంటాడు.

తమ్ముడు లేచి కూర్చున్నాడు. "నీకు మళ్లీ ఎల్లాలని ఉండేదా?" అని అడిగాడు.

"ఉండేది. ఇంటికీ రావాలనుండేది, బడికీ ఎల్లాలనుండేది. రెండూ ఉండకూడదేమో అనుకున్నాను."

ఈ మాట నాలో అలా ఉండిపోయింది. సినిమా చివర్లో స్కాంప్ ఇంటికి తిరిగొస్తే అందరూ సంబరపడతారు, కథ సుఖాంతం. తండ్రి పార్కు దగ్గర కొడుకు రానన్నప్పుడు లాక్కెళ్లలేదు, చాలనిపించినప్పుడు వచ్చేయ్, ఇంట్లో అందరూ నీకోసం చూస్తున్నారన్నట్టు చెప్పి వెనక్కి తిరిగిపోతాడు. సినిమా మొత్తంలో ట్రాంప్ చేసిన మంచి పని నాకు అదే అనిపించింది. ఇంటి తలుపు తెరిచే ఉందని కొడుక్కి చెప్పాడు. స్కాంప్‌కి ఆ ఒక్క తలుపు చాలు. మన పిల్లలకి చాలదు. మనవాళ్లకి రెండు తలుపులూ తెరిచి ఉండాలి, ఇంటిదీ, బడిదీ. ఇంటికొస్తే ఎందుకొచ్చావని కొట్టకూడదు. బడికి తిరిగెళ్తే ఎందుకెళ్లావని అవమానించకూడదు. తాత ఇంటి తలుపు తెరిచాడు, బడి తలుపు వేసుంటే వేసుండనీ అన్నాడు. మూడోసారి వస్తే టీసీ అనడం అంటే బడి కూడా తన తలుపు వేసేసుకోవడం.

ఏంజెల్ గురించి రాయకపోతే అన్యాయం. నాకు నచ్చింది తనే. ఆమెను ఐదు కుటుంబాలు ఒకరి తర్వాత ఒకరు పెంచుకుని వదిలేశాయి. గుంపులో ఉంటూ లోపల ఇల్లు కావాలనుకుంటుంది, కానీ పైకి చెప్పదు, చెప్తే బస్టర్ ఊరుకోడు. స్కాంప్‌కి ఇల్లుందని, కిటికీలోంచి వాడి కోసం చూసే తల్లి ఉందని తెలిసినప్పుడు ఆమెకి ఒళ్లు మండుతుంది, ఇంత ఉంచుకుని ఇక్కడేం చేస్తున్నావని. మన హాస్టళ్లల్లో కూడా ఏంజెల్ లాంటివాళ్లు ఉంటారు. అమ్మానాన్న లేనివాళ్లు, సెలవులిస్తే ఎవరింటికి వెళ్లాలో తెలియనివాళ్లు. మేమందరం ఇల్లు ఇల్లు అని ఏడుస్తుంటే వాళ్లు ఏమీ మాట్లాడకుండా బట్టలు మడతపెట్టుకుంటారు. వాళ్లు ఎప్పుడూ హాస్టల్ నుంచి పారిపోరు. పారిపోని పిల్లాడికి కష్టం లేదని అనుకోవద్దు.

2019లో ఈ కథ మొదటి భాగాన్ని నిజం కుక్కలతో మళ్లీ తీశారు. అందులో ట్రాంప్‌గా నటించిన కుక్క పేరు మాంటీ. వదిలేసిన కుక్కలు ఉండే షెల్టర్ నుంచి వాడిని తెచ్చి నేర్పించారు. ఇది చదివి తమ్ముడికి చెప్తే చాలా సంతోషపడ్డాడు. కాలర్ లేనోడు కూడా హీరో అయ్యాడా అన్నాడు.

సెలవులయ్యాక వాడు బడికి వెళ్లాడు. ఈసారి చిన్నాన్న పని మానుకుని తనే తీసుకెళ్లాడు. బస్సుంది, అయినా సగం దూరం నడిపించాడంట. తను చిన్నప్పుడు ఎక్కడ ఆగాడో, ఏ చెట్టు కింద పడుకున్నాడో, గెడ్డ ఏ రాయి మీంచి దాటాడో చూపించాడంట. బడిలో కూర్చుని, మా వాడికి ఇంటి మీద బెంగెక్కువ, పదిహేను రోజులకోసారి ఫోన్లో వాళ్ల మామ్మతో మాట్లాడించండి అని అడిగాడు. టీచర్ ఒకాయన ఒప్పుకున్నారు. ఇది రాసేనాటికి ఐదు వారాలు. మళ్లీ రాడని నేను రాసివ్వలేను. వస్తే మాత్రం ఈసారి ఫోన్ చేసి వస్తానన్నాడు.

అన్నలూ అక్కలూ, నా మనవి ఇది. ఎవరైనా పిల్లాడు కనపడట్లేదని తెలిస్తే ముందు వాడి ప్రాణం సంగతి చూడండి. ఇంటికీ బడికీ వెంటనే ఫోన్ చెయ్యండి, పిల్లల సహాయం కోసం 1098 ఉంది, దానికి డబ్బులు పడవు. వాడు ఇల్లు చేరాక ఆ పూట ఏమీ అడగొద్దు, తిననివ్వండి, పడుకోనివ్వండి. తర్వాత "ఎందుకు పారిపోయావు" అనకుండా "ఏం చూద్దామని వచ్చావు" అనండి. జవాబు వేరేగా వస్తుంది, నేను విన్నాను. రెండో ఆదివారం పేరెంట్స్ వచ్చే రోజున, డిగ్రీ చదివేవాళ్లం ఊళ్లో ఉంటే మన దగ్గరి బడికి వెళ్లి, ఎవరూ రాని పిల్లల దగ్గర ఓ గంట కూర్చుందాం. వాళ్ల ఇంటి పేరుతో పిలుద్దాం.

ఇంకోటి, ఇది మనలో పెద్దవాళ్లకి. ఈ గ్రూపులో గోడ దూకి ఇంటికొచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు గానీ, చాలామందే ఉంటారు. టీచర్లయ్యారు, ఏఎన్ఎంలయ్యారు, సచివాలయాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. మళ్లీ బడికి ఎలా వెళ్లారో, ఎవరు తీసుకెళ్లారో రాయండి. మధ్యలో ఆగిపోయినవాళ్లు కూడా రాయండి, ఎవరు రాలేదో రాయండి. ట్రాంప్‌లా దాచుకోవద్దు. ఆ కథ పిల్లలకి ఎవరో ఒకరు చెప్పేలోపు మనమే చెప్దాం.

జోహార్.